కెమెరాలోనూ యాభై, కరెంటులోనూ యాభై

పెళ్లి వీడియోకి అసలు పరీక్ష తలంబ్రాల దగ్గర. తాళి కట్టేటప్పుడు పీటల మీద కదిలేవి నాలుగు చేతులే. వెనకాల మంటపం, పూలదండలు, నిలబడ్డ చుట్టాలు ఎక్కడివాళ్లక్కడే. కాసేపయ్యాక మొదలవుతుంది హడావుడి. పసుపు కలిపిన బియ్యం, ఇప్పటి ఫ్యాషన్ ప్రకారం వాటికి తోడు ముత్యాలు, థర్మోకోల్ ఉండలు, అది చాలదన్నట్టు పక్కనుంచి బావమరిది పేల్చిన రంగుకాగితాల గొట్టం. ఆ అర నిమిషాన్ని టీవీలో పెట్టి చూడండి. పెళ్లికూతురి మొహం చదరాలు చదరాలుగా విరిగిపోతుంది. గింజలు పసుప్పచ్చ మరకలైపోతాయి. చీర అంచు మీద జరీ అలికేసినట్టు ఉంటుంది.

"4కె కెమెరా అన్నారు కదా బాబూ?" అంటాడు పెళ్లికూతురి తండ్రి.

"4కెనే సార్" అంటాడు కుర్రాడు. నిజమే చెబుతున్నాడు. ఆయన అడగాల్సింది వేరే ఉంది.

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు తెలుగువాళ్ల ఇళ్లలో బీరువాలో ఓ హ్యాండీక్యామ్, చేతుల్లో నాలుగు ఫోన్లు ఉంటాయి. ఉగాది కార్యక్రమం, అమ్మాయి కూచిపూడి, అపార్ట్‌మెంట్‌లో వినాయకుడి నిమజ్జనం, ఏదైనా సరే కెమెరా తీయగానే మెనూలో కనిపించే అతి పెద్ద అంకె నొక్కేస్తాం. అంకె పెద్దదైతే బొమ్మ బాగుంటుందన్న నమ్మకం కెమెరాలు అమ్మేవాళ్లకు పనికొచ్చినంతగా తీసేవాళ్లకు పనికిరాదు. బొమ్మ బాగుండాలంటే కెమెరా, గదిలో లైటు, మిక్సింగ్ చేసే కంప్యూటరు, చివరికి చూసే టీవీ, ఈ నాలుగూ ఒకే తాళంలో నడవాలి. మన దేశంలో ఆ తాళం యాభై. అక్కడికి వచ్చే ముందు తలంబ్రాల సంగతి తేల్చేద్దాం.

గింజలెందుకు అలికిపోతాయి?

కెమెరా ప్రతి ఫ్రేమునూ నిండు ఫొటోలా దాచుకోదు. దాచుకుంటే మామూలు హెచ్‌డీ వీడియోకే 64 జీబీ కార్డు పావుగంటలోపు నిండిపోతుంది. అందుకని ఒక నిండు బొమ్మ రాసుకుంటుంది, ఆ తర్వాత కాసేపు దాంట్లో ఏ భాగం మారిందో ఆ మేరకే రాసుకుంటుంది, మళ్లీ ఒక నిండు బొమ్మ. పంతులుగారు మంత్రం చదువుతున్నంతసేపు మారేది తక్కువ కాబట్టి ఈ పొదుపు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తలంబ్రాలు పడేటప్పుడు ఫ్రేములో మారని భాగమంటూ ఉండదు. రాసుకోవాల్సింది ఒక్కసారిగా పదింతలవుతుంది, రాసుకోవడానికి ఇచ్చిన జాగా మాత్రం అంతే. ఆ జాగా పేరే బిట్‌రేటు. చాలనప్పుడు కెమెరా వివరాలు వదిలేసి చదరాలు మిగులుస్తుంది. వాన, జలపాతం, గాలికి ఊగే చెట్లు, ఊరేగింపులో చల్లే పూలు, అన్నిటిదీ ఇదే కథ.

2006లో సోనీ, పానసోనిక్ కలిసి తెచ్చిన ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో సెకనుకు గరిష్ఠంగా 24 మెగాబిట్లు రాసుకునే వీలుంది. 2011లో దానికి 50పి, అంటే సెకనుకు 50 నిండు ఫ్రేములు చేర్చినప్పుడు 28కి పెంచారు. సోనీ హ్యాండీక్యామ్ మెనూలో కనిపించే ఎఫ్ఎక్స్ అంటే ఆ 24, ఎఫ్‌హెచ్ సుమారు 17, హెచ్‌క్యూ సుమారు 9, ఎల్‌పీ సుమారు 5. నాలుగూ హెచ్‌డీయే! డబ్బా మీద రాసిన మాటకు నాలుగూ న్యాయం చేస్తాయి, తలంబ్రాల దగ్గర ఎల్‌పీ చేతులెత్తేస్తుంది. కార్డులు వేల రూపాయలున్న రోజుల్లో ఎల్‌పీకి ఓ అర్థం ఉండేది. ఇప్పుడు అది వాడటం శుద్ధ దండగ.

2013 తర్వాత వచ్చిన ఎక్స్ఏవీసీ ఎస్ పద్ధతి ఉన్న కెమెరా అయితే హెచ్‌డీకి 50 మెగాబిట్లు, 4కెకు 60 లేదా 100 ఎంచుకోవచ్చు. ఉన్నదాంట్లో పెద్దది పెట్టండి. అంకె పెద్దదైతే మేలన్న మాట నూటికి నూరుపాళ్లు నిజమయ్యేది ఈ ఒక్క చోటే. కార్డు ఎంత కావాలో లెక్క నోటితో వేసుకోవచ్చు. మెగాబిట్లను 0.45తో గుణిస్తే గంటకు ఎన్ని జీబీలో వచ్చేస్తుంది. 24కు 10.8 జీబీ, 50కి 22.5, 100కి 45. కార్డు మీద వీ30 లేదా యూ3 గుర్తు చూసి కొనండి. సెకనుకు 30 మెగాబైట్లకు తగ్గకుండా రాస్తానని ఆ గుర్తు ఇచ్చే హామీ. పాత క్లాస్ 10 గుర్తు ఇచ్చే హామీ 10 మెగాబైట్లే, 100 మెగాబిట్ల వీడియోకి పన్నెండున్నర కావాలి. సరిగ్గా ముహూర్తం వేళకి రికార్డింగ్ దానంతటదే ఆగిపోతే చాలాసార్లు అక్కడే చూసుకోవాలి.

అమెరికా నుంచి వచ్చిన కెమెరా

మన గోడలోంచి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ రెండు దఫాలు ఉచ్చస్థితికి వెళ్తుంది కాబట్టి పాత చోక్ ట్యూబ్‌లైటు, నాసిరకం ఎల్ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు వెలుగు పెంచి తగ్గిస్తాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. మన టీవీ పద్ధతిని కూడా ఈ కరెంటు లెక్కకే కట్టారు. 1982 ఆసియా క్రీడల నాటికి దూరదర్శన్ రంగుల్లోకి వచ్చినప్పుడు తీసుకున్న పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, 50 ఫీల్డులు. అమెరికాలో కరెంటు 60, అక్కడి ఎన్‌టీఎస్‌సీలో ఫ్రేములు దాదాపు 30.

ఇక న్యూజెర్సీ నుంచో డల్లాస్ నుంచో సెలవులకి వచ్చిన అబ్బాయి నాన్నకి క్యామ్‌కార్డర్ తెచ్చి పెడతాడు. అక్కడ చవక, ప్రేమ కూడా. జయనగర్ ఇంట్లో సత్యనారాయణ వ్రతం తీస్తే బొమ్మంతా మిణుకు మిణుకుమంటుంది. కెమెరా పాడైందనుకుంటారు. దానికి ఏ రోగమూ లేదు. షట్టరు సెకనులో 60వ వంతు తెరుచుకుంటోంది, లైటు 100వ వంతుకోసారి వెలుగుతోంది. ఒక ఫ్రేముకు వెలుగు ఎక్కువ పడుతుంది, పక్కదానికి తక్కువ. సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంటే ఆ తేడా సెకనుకు పదిసార్ల ఊపుగా తేలుతుంది.

మందు సులువు. షట్టరు స్పీడును 1/50 లేదా 1/100 దగ్గర కట్టేయాలి. అప్పుడు ప్రతి ఫ్రేములోనూ లైటు పూర్తి చుట్లు పడతాయి, ఫ్రేములు 25 అయినా 30 అయినా మిణుకు పోతుంది. అదే అబ్బాయి అమెరికాలో ఉన్న తన ఇంట్లో ఇదే కెమెరాకు 1/60 పెట్టుకోవాలి.

ఫోన్లలోనూ ఇదే తంతు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు 30 ఫ్రేములతోనే వస్తాయి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియో లోపలికి వెళ్లి పాల్ ఫార్మాట్లు చూపించే మీట నొక్కితే 25 బయటపడుతుంది. ఆండ్రాయిడ్‌లో ప్రో వీడియో మోడ్ ఉంటే షట్టరు 1/50 పెట్టుకోవచ్చు. పెళ్లిళ్లలో 'క్యాండిడ్' వాళ్ల కెమెరా 25లో, 'ట్రెడిషనల్' వాళ్లది 50లో, డ్రోన్ 30లో, బాబాయి ఫోన్ 30లో తీస్తే మిక్సింగ్ రోజున తలనొప్పి ఖాయం. 30ని 25లోకి కుదిస్తే సెకనుకు ఐదు ఫ్రేములు ఎగిరిపోయి నడకలో కుదుపు వస్తుంది. పొద్దున్నే కాఫీ తాగేటప్పుడు అందరినీ ఒక చోట కూర్చోబెట్టి "అందరమూ 25 లేదా 50, షట్టరు 1/50 లేదా 1/100" అని మాట తీసుకుంటే ఈ గొడవ పుట్టదు.

ఎల్ఈడీ వాల్ మాత్రం వేరే జాతి. మంటపాల్లో వధూవరుల వెనక పెట్టే ఆ పెద్ద తెర కరెంటు లెక్కకు కట్టుబడదు, తన లెక్కలో తాను మిణుకుతుంది. కెమెరాలో దాని మీద నల్లని పట్టీలు పాకుతాయి. ఖరీదైన కెమెరాల్లో షట్టరును దశాంశాల్లో జరిపే వీలుంటుంది, పట్టీ ఆగేదాకా జరపాలి. ఆ వీలు లేనివాళ్లు తెరని వీలైనంత ఫ్రేములోంచి తప్పించడమే.

కరగ రాత్రి

వెలుగు సంగతి మాట్లాడుకోవడానికి బెంగళూరుకు తగిన అర్హతే ఉంది. 1905 ఆగస్టు 5న శివనసముద్ర నుంచి వచ్చిన కరెంటుతో ఇక్కడి వీధిదీపాలు వెలిగాయి. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకి ఈ ఊళ్లోని శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్‌లో సినిమాటోగ్రఫీ చదువుకున్న మైసూరు కుర్రాడు వి.కె.మూర్తి, 1959లో గురుదత్ 'కాగజ్ కే ఫూల్' కోసం పెద్ద అద్దాలతో ఎండను స్టూడియోలోకి మళ్లించి, చీకట్లో ఒక్క కాంతి స్తంభాన్ని నిలబెట్టాడు. మన దేశంలో తొలి సినిమాస్కోప్ చిత్రం అది. 2008కి గాను దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న మొదటి ఛాయాగ్రాహకుడూ ఆయనే. ఆయన దగ్గర పనిచేసిన గోవింద్ నిహలానీ కూడా 1962లో ఆ పాలిటెక్నిక్ నుంచే బయటికొచ్చాడు. ఆ అద్దాలకు మెనూ లేదు, సెట్టింగులు లేవు.

వెలుగు మన చేతిలో లేని చోటు ఎలా ఉంటుందో చూడాలంటే కరగ ఉత్సవానికి వెళ్లాలి. చైత్ర పౌర్ణమి రాత్రి తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి అర్ధరాత్రి దాటాక ద్రౌపది కరగ బయలుదేరుతుంది. స్త్రీ వేషంలో ఉన్న పూజారి తల మీద మల్లెల గోపురం, చుట్టూ దూసిన కత్తులతో వీరకుమారులు, సందులో గోడకి గోడకి మధ్య జనం. కాటన్‌పేటలో మస్తాన్ సాహెబ్ దర్గాకి వెళ్లి తెల్లవారుజామున తిరిగి వచ్చేదాకా వెలుగు ప్రతి మలుపులోనూ మారుతుంది. ఒకచోట సీరియల్ లైట్లు, ఒకచోట పసుపు వీధిదీపం, ఒకచోట టీవీ వాళ్ల తెల్లని ఫ్లడ్‌లైటు.

ఆటో మోడ్‌లో వదిలేసిన కెమెరా ఇక్కడ మూడు తప్పులు చేస్తుంది. ఫ్రేములో ముప్పాతిక వంతు చీకటి కాబట్టి వెలుగు చాలట్లేదనుకుని పెంచేస్తుంది, మల్లెలు తెల్లని సున్నం ముద్దలా మారిపోతాయి. అలా కాలిపోయిన తెలుపులోంచి పువ్వుల్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. చీకటిగా పడినదాన్ని కొంతవరకైనా లేపొచ్చు. కాబట్టి ఎక్స్‌పోజరును ఒక మెట్టు కిందికి దించి, తెలుపు మితిమీరిన చోట చారలు చూపే జీబ్రా ఉన్న కెమెరాలో దాన్ని 100 దగ్గర పెట్టి, మల్లెల మీద ఆ చారలు కనిపించనంతవరకూ తగ్గించాలి. వెనక సందు నల్లగా పడితే పడనివ్వండి. రాత్రి రాత్రిలాగే ఉండాలి.

రెండో తప్పు గెయిన్. వెలుగు లేనప్పుడు కెమెరా సిగ్నల్‌ను లోపల పెంచుకుంటుంది, ప్రతి 6 డెసిబెల్స్‌కూ రెట్టింపు. పెంచేకొద్దీ నల్లటి చోట్ల ఇసుక పోసినట్టు రవ్వలు పుడతాయి. ఆ రవ్వలు క్షణక్షణం మారతాయి కాబట్టి, తలంబ్రాల్లాగే, బిట్‌రేటును మింగేస్తాయి. మనం 50 మెగాబిట్లు ఇచ్చింది మల్లెల కోసం, అది ఖర్చయ్యేది రవ్వల మీద. గెయిన్‌కు హద్దు పెట్టే వీలున్న కెమెరాలో 12 నుంచి 18 దగ్గర ఆపేయండి. జూమ్ చేస్తే చాలా కెమెరాల లెన్సులోకి వెలుగు తగ్గుతుంది. నాలుగడుగులు దగ్గరికి నడవడం జూమ్ కంటే మేలు, కరగ జనంలో ఆ నాలుగడుగులు దొరకవనుకోండి. డిజిటల్ జూమ్ మాత్రం మెనూలోకి వెళ్లి శాశ్వతంగా తీసేయండి. ఉన్న బొమ్మని కత్తిరించి సాగదీయడం తప్ప అది చేసేదేమీ లేదు.

మూడోది వైట్ బ్యాలెన్స్. పసుపు దీపం కిందినుంచి తెల్ల దీపం కిందికి వెళ్లగానే ఆటో తన రంగు దిద్దుకోవడానికి రెండు మూడు సెకన్లు తడుముకుంటుంది. ఊరేగింపులో ఆ తడబాటు ఆగదు. ఒకే విలువ దగ్గర కట్టేస్తే పసుపు వీధి పసుపుగా, తెల్ల వీధి తెల్లగా వస్తాయి. లోపల హాలులో పాత హాలోజన్ ఫోకస్ లైట్లయితే 3200 కెల్విన్, పగటి వెలుగైతే 5600 దగ్గర మొదలుపెట్టండి.

గజ్జెల కాళ్లు

వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వేదిక మీద కూచిపూడి తరంగం జరుగుతోందనుకోండి. పళ్లెం అంచు మీద నిలబడిన పాదాలు ఎంత వేగంగా కదులుతాయో తెలిసిందే. ఇక్కడ 4కె పెట్టారంటే చాలా హ్యాండీక్యామ్‌లలో దొరికేవి సెకనుకు 25 ఫ్రేములే, గజ్జెలు గీతల్లా సాగుతాయి. ఫుల్ హెచ్‌డీలో 50పి పెడితే ఫ్రేములు రెట్టింపవుతాయి, షట్టరు 1/100 పెడితే పాదం స్పష్టంగా నిలుస్తుంది, మిణుకూ ఉండదు. 25 ఫ్రేముల వీడియోలోకి దాన్ని సగం వేగంతో దించితే కుదుపు లేని స్లో మోషన్ కూడా వస్తుంది. నాట్యానికి, ఆటలకి, పరిగెత్తే పిల్లలకి 50పి. అమ్మమ్మని కూర్చోబెట్టి పాత సంగతులు చెప్పించడానికి, లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శనకి 4కె 25పి. అక్కడ కదలిక తక్కువ, వివరం ఎక్కువ. కాకపోతే ఎర్రటి పూలు బాగా ఎండలో ఉంటే ఎరుపు ముద్దయిపోతుంది, వెలుగు కొంచెం తగ్గించి తీయాలి.

50ఐ అన్నదాన్ని మాత్రం ఇక వదిలేద్దాం. గొట్టం టీవీల కోసం ఒక ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలుగా చీల్చి పంపిన పద్ధతి అది. ఇప్పటి ఎల్ఈడీ టీవీ మీద కదిలే చేతి అంచుకి దువ్వెన పళ్లు మొలుస్తాయి. 50పి ఉన్న కెమెరాలో 50ఐ వాడాల్సిన పని లేదు.

'లాగ్' లాంటి చప్పటి పిక్చర్ ప్రొఫైళ్ల మోజు కూడా ఈమధ్య బాగా పెరిగింది. సినిమా రంగులు వస్తాయని యూట్యూబ్‌లో చెబుతారు. ఇళ్లలో ఉండే క్యామ్‌కార్డర్లు చాలావరకు 8 బిట్‌లో, అంటే ఒక్కో రంగుకి 256 మెట్లతో రాసుకుంటాయి. చప్పగా తీసి తర్వాత లాగి సాగదీస్తే ఆ మెట్లు ఆకాశంలో పట్టీలుగా బయటపడతాయి. 10 బిట్ కెమెరా ఉన్నవాళ్లు ఆడుకోవచ్చు, మిగతావాళ్లు స్టాండర్డ్ ప్రొఫైల్‌లో వెలుగు సరిగ్గా పెట్టి తీస్తే నాలుగు రోజుల పని తప్పుతుంది.

శబ్దానికి ఒక్క మాట చాలు. సన్నాయి, డోలు మొదలయ్యేముందే మైక్ లెవెల్‌ను ఆటో నుంచి తీసి తగ్గించి పెట్టండి. పగిలిన శబ్దాన్ని అతికించడం ఎవరి వల్లా కాదు.

మిక్సింగ్ గదిలో

తీసినదాన్ని కంప్యూటర్‌లోకి దించేటప్పుడే సగం మంది నష్టపోతారు. ఏవీసీహెచ్‌డీ కార్డులో ప్రైవేట్ అనే ఫోల్డర్, దాని లోపల ఇంకొన్ని, చిట్టచివర స్ట్రీమ్‌లో ఎంటీఎస్ ఫైళ్లు ఉంటాయి. ఆ ఫైళ్లని మాత్రమే లాగి తెచ్చుకుంటే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ కెమెరా పెద్ద రికార్డింగ్‌ను ముక్కలుగా కోసి రాస్తుంది, ఆ ముక్కలు ఎలా అతకాలో మిగతా ఫోల్డర్లలో ఉంటుంది. విడివిడిగా తెచ్చుకుని పక్కపక్కన పెడితే సరిగ్గా సన్నాయి మధ్యలో చిన్న ఖాళీ వినిపిస్తుంది. కార్డు మొత్తాన్ని ఫోల్డర్లతో సహా కాపీ చేసుకోండి, ఆ తర్వాతే కార్డు ఫార్మాట్.

డావిన్చీ రిజాల్వ్, ప్రీమియర్, షాట్‌కట్ ఏదైనా సరే, టైమ్‌లైన్ మీరు తీసిన ఫ్రేము లెక్కతోనే మొదలవ్వాలి. రిజాల్వ్ ఉచిత వెర్షన్ 4కె 60 ఫ్రేముల దాకా పని చేస్తుంది కాబట్టి ఇంటి అవసరాలకి డబ్బు పెట్టాల్సిన పని లేదు. మొదలూ చివరా కత్తిరించడమే మీ పని అయితే ఎడిటర్ కూడా అక్కర్లేదు. లాస్‌లెస్‌కట్ అనే ఉచిత ప్రోగ్రాం మళ్లీ కంప్రెస్ చేయకుండా ముక్కని అలాగే కోసి ఇస్తుంది, ఒక్క బిట్టు కూడా పోదు. ప్రతి ఎక్స్‌పోర్టుకూ వీడియో కాస్త అరుగుతుంది. ఎంపీ4 చేసి, దాన్ని మళ్లీ ఎడిట్ చేసి, మళ్లీ డీవీడీకి మార్చి, ఆ డీవీడీని మళ్లీ ఫోన్‌కి దించుకునే ఇళ్లు నాకు తెలుసు. మూడో మెట్టు దగ్గరే మొహాల్లో కళ్లు చెరిగిపోతాయి.

బీరువాలోని మినీడీవీ క్యాసెట్లది వేరే కథ. 1995లో మొదలైన ఆ పద్ధతిలో బొమ్మకే సెకనుకు 25 మెగాబిట్లు, శబ్దం వగైరా కలుపుకుని గంటకు దాదాపు 13 జీబీ, అంటే టేపులో ఉన్నది డిజిటల్ ఫైలే. ఫైర్‌వైర్ తీగతో దించితే ఏమీ పోకుండా నకలు వస్తుంది. ఎరుపు, తెలుపు, పసుపు తీగలతో దించితే డిజిటల్‌ను అనలాగ్ చేసి మళ్లీ డిజిటల్ చేసినట్టు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఫైర్‌వైర్ ఉండదు, ఎస్పీ రోడ్డులాంటి చోట ఓ పాత డెస్క్‌టాప్‌కి ఆ కార్డు వెతికి వేయించుకోవడమే దారి. దించాక ఆ ఒరిజినల్ డీవీ ఫైల్‌ను అలాగే దాచి, చూసుకోవడానికి హ్యాండ్‌బ్రేక్‌లో బాబ్ అనే డీఇంటర్లేస్ పద్ధతితో 50 ఫ్రేముల నకలు తీసుకోండి. దువ్వెన పళ్లు పోతాయి, కదలిక నునుపుగా ఉంటుంది. అమెరికా క్యాసెట్ అయితే దాన్ని 25కి మార్చొద్దు, 60గానే ఉంచండి. ఇప్పటి టీవీలు రెండూ ఆడిస్తాయి. వీహెచ్ఎస్‌ను 4కెకి పెంచి ఇస్తామన్న ప్రకటనలు చూస్తే నవ్వొస్తుంది. అడ్డంగా 240 గీతల వివరమున్న టేపులోంచి లేని వివరం ఎక్కడి నుంచి తెస్తారు?

చివరి ఎక్స్‌పోర్టుకి హెచ్.264, తీసినన్ని ఫ్రేములే. యూట్యూబ్‌కి అయితే ఫుల్ హెచ్‌డీ 25కి 8 మెగాబిట్లు, 50కి 12, 4కె 25కి 35 నుంచి 45 ఉండాలని ఆ సంస్థే సూచిస్తుంది. అదీ కనీసమనుకుని కాస్త ఎక్కువే ఇవ్వండి, వాళ్లు ఎలాగూ మళ్లీ నలిపేస్తారు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది. టీవీకి పెట్టే పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు అందులోకి ఎక్కదు, టీవీ ఒప్పుకుంటే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి. స్టూడియోకి అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే కాగితం మీద రెండు ముక్కలు రాయించుకోండి: డెలివరీ 25 లేదా 50 ఫ్రేముల్లో, ఆల్బం వీడియోతో పాటు కార్డుల్లోని ఒరిజినల్ ఫైళ్లన్నీ హార్డ్ డిస్క్‌లో. డిస్కు మీదే కొనిస్తే ఎవరూ కాదనరు.